కట్టు విప్పారు - జబ్బు నయమైనట్లేనా?

“మామ్మ తడి గచ్చుమీద జారింది, మణికట్టు విరిగింది.” ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. సుమారు ఆరు వారాలు పిండికట్టు ఉంచి విప్పేస్తారు. ఎముక అతుక్కుంటుంది. అయినా డాక్టరు ఏవో మాత్రలు రాసి ఇస్తాడు. “అతుక్కున్న చేతికి మళ్ళీ మాత్రలెందుకురా?” అంటుంది మామ్మ.

ఆమె అడిగింది సబబే. కానీ నిలబడ్డ ఎత్తునుంచి పడినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి ఎముక సాధారణంగా విరగదు. విరిగిందంటే తప్పంతా గచ్చుది కాదన్నమాట.

బడిలో వేలాడదీసిన అస్థిపంజరాన్ని చూసి ఎముక అంటే రాయి అనుకుంటాం. బతికున్న ఎముక అలాంటిది కాదు. అందులో ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాత ఎముకను కరిగించి గుంటలు చేస్తుంటాయి. ఆస్టియోబ్లాస్టులు అనేవి ఆ గుంటలను కొత్త ఎముకతో పూడుస్తుంటాయి. మొదటివాటిని గోడ పడగొట్టే కూలీలనీ, రెండోవాటిని కట్టే మేస్త్రీలనీ అనుకోండి. ఇలా పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం కొత్తదవుతుంది. కూలీలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజన్ అనే హార్మోను. స్త్రీలకు బహిష్టు ఆగిపోయాక అది బాగా తగ్గిపోతుంది. అప్పుడు పడగొట్టినంత వేగంగా మేస్త్రీలు కట్టలేరు. ఈ సంబంధాన్ని అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లోనే వివరించాడు.

ఎముక లోపలి అల్లిక క్రమంగా పలచబడి, చెదతిన్న దూలంలా గుల్లబారుతుంది. దీన్నే ఆస్టియోపోరోసిస్ అంటారు. విరిగేదాకా నొప్పి ఉండదు గనుక ఎవరికీ తెలియదు. వెన్నుపూసలైతే కిందపడకుండానే నలిగిపోవచ్చు. మామ్మ పొట్టిదవుతోందంటే వయసు మీదపడిందని నవ్వేస్తాం!

పిండికట్టయినా, పుత్తూరు కట్టయినా విరిగిన ముక్కలను కదలకుండా పట్టి ఉంచుతుంది. తుంటిలోనూ వెన్నులోనూ సాగుతున్న నష్టాన్ని అది ఆపలేదు. ఇలా ఒక ఎముక విరిగినవారికి మరొకటి విరిగే ప్రమాదం సుమారు రెట్టింపు. ఆ రెండోది తుంటి ఎముకైతే ఆపరేషన్ తప్పకపోవచ్చు. ఆ తరువాత మునుపటిలా నడవలేనివారు ఎందరో.

డాక్టరు రాసే అలెండ్రోనేట్ వంటి మందులు ఎముకకు అంటుకుని కూలీల దూకుడు తగ్గిస్తాయి. ఈ మాత్ర సాధారణంగా వారానికి ఒకటి. పొద్దున్నే పరగడుపున, గ్లాసెడు మంచినీళ్ళతో మింగాలి. అరగంటసేపు ఏమీ తినకూడదు, పడుకోకూడదు. కాఫీతో మింగితే మందు ఒంటబట్టదు. పడుకుంటే ఆహారవాహిక ఒరుసుకుపోవచ్చు. చాలామంది మధ్యలో మానేస్తారు. ఈ నియమాలతో విసిగి అని అంటారు గానీ, నాకు తోచిన కారణం వేరు. జ్వరం మాత్ర పనిచేస్తే ఒళ్ళు చల్లబడుతుంది. ఈ మాత్ర పనిచేస్తే ఏమీ తెలియదు. విరగని ఎముకను ఎవరు గమనిస్తారు?

“కాల్షియం మాత్ర వేసుకుంటున్నానుగా” అనేవారూ ఉన్నారు. కాల్షియం ఇటుక వంటిది, అదీ కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. దాన్ని పేగులు పీల్చుకోవడానికి విటమిన్ డి కావాలి. అయితే కూలీలు అదుపు తప్పినచోట ఇటుకలు మాత్రమే పోస్తే సరిపోదు.

ఎముక ఎంత గుల్లబారిందో డెక్సా అనే ఎక్స్‌రే యంత్రం చెబుతుంది. ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చి ఇచ్చే అంకెను టి-స్కోరు అంటారు. అది -2.5 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకెవరికైనా ఇలా ఎముక విరిగి ఉంటే, డాక్టరు రాసిన చీటీ ఎక్కడుందో వెతకండి. మాత్ర వెయ్యవలసిన రోజులకు కాలెండరులో సున్నా చుట్టండి. ఆ అరగంటా పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి, ఆవిడ నడుం వాల్చకుండా!