రహదారిపై రెండు సెకన్లు

ఉదయం కళాశాల వేళకు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల రహదారులు ద్విచక్ర వాహనాలతో నిండిపోతాయి. మధ్యతరగతి కుటుంబానికి మోటారు సైకిలు నిత్యావసరం. అయితే 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. బండి నడపడం చేతులకు తెలిస్తే చాలదు. వేగానికీ దూరానికీ గల సంబంధం బుద్ధికి తెలియాలి.

గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 10 మీటర్లు సాగుతుంది. ఆటంకాన్ని గమనించి బ్రేకు వేయడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆలోగా బండి 10 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు పడ్డాక ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకొంటే, ఆగడానికి మరో 10 మీటర్లు కావాలి. మొత్తం 20 మీటర్లు. వేగం 72 కిలోమీటర్లయితే ఈ దూరాలు వరుసగా 20, 40 మీటర్లు, మొత్తం 60. వేగం రెట్టింపైతే ఆగే దూరం మూడింతలైంది!

కాబట్టి ముందు వాహనానికి కనీసం రెండు సెకన్ల ఎడం పాటించాలి. ముందు వాహనం ఒక విద్యుత్ స్తంభాన్ని దాటిన రెండు సెకన్ల తరువాతే వెనుక బండి దానిని చేరాలి. వానలో ఈ ఎడం రెట్టింపు కావాలి.

బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రంపైకి మొగ్గుతుంది. వెనుక బ్రేకును మాత్రమే గట్టిగా తొక్కితే చక్రం జారవచ్చు. రెండు బ్రేకులనూ కలిపి, క్రమంగా బలం పెంచుతూ వేయాలి. మలుపులో కాక, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. తొలకరి జల్లుకు రోడ్డుపైని నూనె, దుమ్ము కలిసి జారుడు ఏర్పడుతుంది.

బస్సు అద్దంలో డ్రైవరు ముఖం కనిపించకపోతే, బండి నడిపే వ్యక్తి కూడా ఆయనకు కనిపించడు. ఆగిన బస్సుకు ఎడమ వైపు నుండి దూసుకుపోతే దిగే ప్రయాణికులకు ముప్పు.

శిరస్త్రాణం ధరించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఆదేశిస్తున్నది. పట్టీ బిగించని శిరస్త్రాణం పడే వేళ ఊడిపోతుంది.

ఆరు కిలోమీటర్ల దారిలో వేగాన్ని 36 నుండి 72కు పెంచినా మిగిలేది ఐదు నిమిషాలే. కూడళ్ల వద్ద ఆగితే అదీ మిగలదు. ఆ కొద్ది నిమిషాల కోసం, ఇంటి వద్ద ఎదురుచూసే తల్లిదండ్రులకు జీవితకాల దుఃఖాన్ని మిగల్చడం వివేకం కాదు.