ఇసుక కుప్ప ఎక్కడ పోయాలి?

మన కోనసీమ గోదావరి తెచ్చిన ఒండ్రు నేల. పల్లపు నేల. అందుకే ముందు మట్టి పోసి మెరక చేస్తాం. ఆపైన ఇల్లు కడతాం. ఇక్కడ కాలువలకు వాలు తక్కువ. నీరు మెల్లగా నడుస్తుంది. మెల్లగా నడిచే నీటిలో ఇసుక అడుక్కి దిగిపోతుంది.

లారీ ఇసుకను చాలామంది రోడ్డు పక్కన, మురుగు కాలువ గట్టు మీద పోయిస్తారు. ఎండకు అది దుమ్ము. వానకు అదే బురద. పెద్ద వాన పడితే కుప్ప కాలువలోకి జారుతుంది. తూము పూడుతుంది. నీరు ఎగదన్నుతుంది. ఇల్లు కట్టేవారిది మెరక. మునిగేది పక్కనున్న పాక. తగువెందుకులే అని ఊరుకోకండి.

కుప్పను కాలువకు దూరంగా, ఇంటి స్థలంలోనే పోయమనండి. పల్లం వైపు ఇసుక బస్తాలు అడ్డం పెట్టాలి. కొబ్బరి డొక్కలు దగ్గరగా పేర్చినా సరే. నీరు సందుల్లోంచి పోతుంది. మట్టి చాలావరకు ఆగుతుంది. మట్టి కొట్టుకుపోకుండా కొబ్బరి పీచు వలలను పై దేశాల్లో కూడా పరుస్తారు. మనమేమో డొక్కలను పొయ్యిలో పెడుతున్నాం! కుప్ప మీద బరకం కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టండి.

ఇక దుమ్ము. తట్టలు మోసేది ఎక్కువగా మన ఆడవాళ్లే. మరీ సన్నటి దుమ్ము కంటికి కనపడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బండలు, టైల్సు కోసే దుమ్ము మరీ చెడ్డది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే జబ్బు రావచ్చు. దాన్ని నయం చేసే మందు లేదు. నీళ్లు పోస్తూ కోయమనండి. నీళ్లు చల్లి ఊడవండి. సిమెంటు బస్తా విప్పేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకండి. ముక్కుకు చీర చెంగు చాలదు. బిగుతుగా పట్టే మాస్కు కావాలి. అది ఇవ్వాల్సింది పని చేయించేవారే. మేస్త్రీని అడగండి.