ఫోలిక్ యాసిడ్ మాత్ర: ప్రేగుల జబ్బు అడిగిన ప్రశ్నకు జవాబు

అన్నంలోని పిండిపదార్థాన్ని లాలాజలంలోని అమైలేజ్ నోట్లోనే విడగొట్టడం మొదలుపెడుతుంది. పప్పులోని మాంసకృత్తులను జఠరరసంలోని పెప్సిన్, క్లోమరసంలోని ట్రిప్సిన్ తుంచుతాయి. నూనెలను లైపేజ్ విడదీస్తుంది. తాము ఖర్చు కాకుండానే రసాయన చర్యను వేగవంతం చేసే ఇలాంటి ప్రోటీన్లను ఎంజైములంటారు. వీటిలో కొన్ని చిన్నప్రేగు లోపలి గోడపై వేలి ఆకారంలో ఉండే ఆంత్రచూషకాల కణాలనే అంటిపెట్టుకుని ఉంటాయి. ఆకుకూరల్లోని ఫోలేట్ అనే బి-విటమిన్ చాలావరకు గ్లుటామిక్ ఆమ్లపు గొలుసుతో ఉంటుంది గనుక, కాంజుగేజ్ అనే ఎంజైము ఆ గొలుసును ఒక్క లంకె మిగిలేదాకా కత్తిరించిన తరువాతే అది ఒంటికి పడుతుంది.

ఉష్ణమండల దేశాల్లో కనిపించే స్ప్రూ వ్యాధిలో ఈ చూషకాలు కుంచించుకుపోయి, తిన్న ఆహారం విరేచనాల్లో పోతూ, మనిషి చిక్కిశల్యమవుతాడు. డీఎన్ఏ తయారీకి ఫోలేట్ తప్పనిసరి. వేగంగా విభజన చెందే రక్తకణాలకూ, ప్రేగు కణాలకూ దాని అవసరం మరీ ఎక్కువ. అందువల్ల ఫోలేట్ అందని కొద్దీ రక్తం క్షీణించడమే కాక, దాన్ని గ్రహించవలసిన ప్రేగు గోడ మరింత దెబ్బతింటుంది.

1895లో భీమవరంలో జన్మించిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరిని ఈ వ్యాధే బలిగొన్నది. ఆయనకూ అది సోకగా, ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. తరువాత అమెరికా వెళ్లి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అంతకుముందు 1931లో వైద్య పరిశోధకురాలు లూసీ విల్స్ బొంబాయి గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారం నయం చేస్తుందని చూపగా, 1941లో మరో బృందం ఆ సారంలో పనిచేసిన పదార్థమైన ఫోలేట్‌ను పాలకూర నుంచి వేరుచేసింది. సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ శాస్త్రవేత్తలు 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా సంశ్లేషించారు. దీనికి ఉన్నది ఒక్క గ్లుటామిక్ ఆమ్లమే. అందుచేత కాంజుగేజ్ పని లేకుండానే, దెబ్బతిన్న ప్రేగు సైతం దీన్ని కొంతవరకు గ్రహించగలుగుతుంది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూసినప్పుడు రక్తం పుంజుకున్నది, ఆకలి తిరిగివచ్చింది.

అదే ప్రయోగశాల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ తరగతి యాంటీబయాటిక్‌లలో మొదటిది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. నేటికీ ఉష్ణమండల స్ప్రూకు ఫోలిక్ యాసిడ్‌నూ టెట్రాసైక్లిన్‌నూ కలిపి ఇస్తారు. బి12 లోపం ఉంటే దాన్నీ చేరుస్తారు, ఎందుకంటే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినా నరాల నష్టం ఆగదు.

దేశంలోని ప్రతి పల్లెలోనూ గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. గర్భధారణకు ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే శిశువు వెన్నుపాము లోపాలు చాలావరకు తగ్గుతాయని 1991లో రుజువైంది. ఒక ఎంజైము పని అక్కరలేని అణువును అందించడమే ఈ మందు సాధించిన విజయం; జీర్ణవ్యవస్థను అణువుల స్థాయిలో చదవడం ఎంతటి ప్రాణరక్షణ విద్యో చెప్పడానికి తెలుగువారికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం మరొకటి లేదు.