ఇంటి వై-ఫై పెట్టెను మార్చునప్పుడు

కుండను కొనునప్పుడు వ్రేలితో తట్టి, మ్రోత విని గాని గృహిణి కొనదు. అట్టి నేర్పరులైన మన సోదరీమణులే, ఇంటిలో ఇంటర్నెట్టును పంచిపెట్టు రౌటరును మార్చవలసివచ్చినప్పుడు మాత్రము "మాకేమి తెలియును?" అని అంగడివాని మాటనే వేదవాక్యముగా గైకొనుచున్నారు. పిల్లల పాఠములకును, బ్యాంకు వ్యవహారములకును, దూరదేశమందున్న బిడ్డల ముఖము చూచుటకును నేడు ఈ పెట్టెయే ఆధారము. కావున దీని యెంపికయు గృహకృత్యములలోనిదే గదా!

ముందు మా యింటి సంగతి చెప్పెదము. వెనుక గదిలో మా అమ్మాయి చదువుకొనుచుండగా పాఠము మాటిమాటికి ఆగిపోవుచుండెను. పెట్టె పాతబడినదని తలచి, అంగడిలో చూపిన నాలుగు కొమ్ముల పెట్టెను తెచ్చి పాతదాని చోటనే పెట్టితిమి. లోపము లేశమైనను తగ్గలేదు. తుదకు చూడగా, ఆ చోటు ముందుగదిలోని ఇనుప బీరువాకు వెనుక! నడిమిగదిలో గోడపై ఎత్తుగా అమర్చినంతనే పాఠము సాగినది. పాత పెట్టెను అచ్చట పెట్టి చూచితిమి. అదియు చక్కగా పనిచేసినది. సొమ్ము పోయిన పిదప వచ్చిన ఈ బుద్ధిని సోదరీమణులకు ఉచితముగా నిచ్చుచున్నాము.

కొనకముందే పరీక్షింపవలెను. పెట్టె ప్రక్కన నిలిచినప్పుడు వేగము బాగుండి, దూరమున తగ్గినచో దోషము చోటిది, గోడలది. ప్రక్కనను తక్కువైనచో, కంప్యూటరును తీగతో తగిలించి చూడవలెను. తీగపైనను తక్కువయే యైనచో, కనెక్షనిచ్చినవారిని పిలిచి ముందు లైనును చూపించుకొనుట మేలు. పెట్టె వారిదే యైనచో, మార్చి యిమ్మని యడుగుటకు సంకోచమేల? ఫైబరు తీగ వచ్చి చేరు పెట్టెను మనంతట మనము తీసివేయరాదు. క్రొత్త రౌటరు దానితో కలియునో లేదో వారినే యడిగి, పిమ్మట కొనవలెను.

ఇక ఎంపిక. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము గోడలను దాటి దూరము పోవును గాని వేగము తక్కువ. ఇరుగుపొరుగుల పెట్టెలును, మైక్రోవేవు పొయ్యియు దానికి అడ్డుపడును. 5 గిగాహెర్ట్జ్ తరంగమునకు వేగ మెక్కువ. గోడలకు త్వరగా నీరసించును. రెండును గల పెట్టెనే కొనవలెను. అట్టమీది 1200 అను అంకెను చూచి మురియరాదు. అది 300, 867 అను రెండు తరంగముల వేగములను కూడి, అంకె సరిచేసి వ్రాసినది. ఏ ఒక్క ఫోనుకును అంత రాదు. తీగ తగిలించు రంధ్రము 100 మెగాబిట్లదే యైనచో, 200 మెగాబిట్లకు చెల్లించు సొమ్ము సగము వృథా. ఇంటిలో ఫోనులు, టీవీలు అనేకము లున్నచో, 2019లో వెలువడిన వై-ఫై 6 రకము తగినది; పాత ఫోనులును దానితో పనిచేయును. మేడయిల్లైనచో ఒక్క పెద్ద పెట్టెకంటె, తీగతో కలిపిన రెండు చిన్న పెట్టెలు మేలు.

అన్నిటికంటె ముఖ్యము భద్రత. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, కర్మాగారమునుండి వచ్చిన పాస్‌వర్డులను మార్చని రౌటరులను, కెమెరాలను లక్షలాదిగా వశపరచుకొన్నది. కావున పెట్టె తెచ్చిన దినముననే ఆ పాస్‌వర్డును మార్చవలెను. డబ్ల్యూపీఏ3 రక్షణ యున్నదియు, తయారీదారులు ఇంకను భద్రతా సవరణలు పంపుచున్నదియు నైన పెట్టెనే కోరవలెను. సవరణలు నిలిచిపోయిన పెట్టె, నడుచుచున్నను మార్పదగినదే.

బీరువా తాళపుచెవులను పరుల చేతికీయని మనము, ఈ పాస్‌వర్డును మాత్రము పెట్టెను బిగింపవచ్చినవానికే వదలివేయుట తగునా? దానిని మనమే పెట్టి, పద్దుల పుస్తకమున వ్రాసి, భద్రపరచుకొందము.