కారులో చక్కగా పాట వినుట



ఈ పూట నేను మనవి చేయదలచిన విషయము చిన్నది. జేబులో ఇమిడెడు పాటల యంత్రమును, అనగా నేటి దినములలో పెక్కుమందికి సెల్‌ఫోనునే, కారులోని స్టీరియోతో కలిపి చక్కని ధ్వని రాబట్టుట ఎట్లు అనునది. ఇది పడుచువారి వేడుక గదా, మాకేల యని మీరనవచ్చును. కాని దీనితో మనకును పని కలదు. మన గ్రామములలో పండరి భజనలు, చెక్కభజన పాటలు, బ్రహ్మముగారి తత్త్వములు పాడగల పెద్దల కంఠములను మనుమలు ఫోనులలో పట్టి దాచుచున్నారు. కందిమల్లాయపల్లెకో, అహోబిలమునకో కుటుంబముతో కారులో పోవునప్పుడు వానిని వినిపింతురు. ధ్వని బొంగురువోయి కీచుమని వచ్చినచో, పాతపాట ఇంతేనని పిల్లలు వేరొక పాటకు మరలుదురు. దోషము తీగెది, నింద మాత్రము పాడినవారికి. ఆ నింద తొలగించుటయే నా యుద్దేశము.

కర్నూలు కడప కాలువను ఎరుగనివారు మనలో ఉండరు. 1863లో మద్రాసు ఇరిగేషను కంపెనీవారు పని ఆరంభించిన ఆ కాలువ, సుంకేసులకడ తుంగభద్ర నీటిని తీసికొని కడప దిక్కునకు వచ్చును. తలకడ కాలువలోనికి ఎక్కని నీరు చివరి మడికి రాదు. తలకడ బురదయైన నీటిని చివరనున్న రైతు ఎంత తూము ఎత్తినను తేట చేయలేడు. గట్టు తెగునంతగా వదలినను చేటే. ధ్వని నడకయు నట్టిదే. ఫోనులో దాచిన పాట తల. తీగెయో, గాలిమార్గమో నడుమ. కారు తలుపులలోని స్పీకర్లు తుద. తలకడ పోయినది తుదను దొరకదు. ఈ యొక్క మాట పట్టుకొన్నచో తక్కినది సులభము.

మొదట పాటను గూర్చి. ఫోనులో చోటు కలిసివచ్చుటకై ధ్వనిని కుదించి దాచుదురు. ఎం.పి.3 అను పద్ధతిలో సెకనుకు 320 కిలోబిట్ల చొప్పున దాచిన పాటలో వివరము హెచ్చు. 128 చొప్పున దాచిన దానిలో తాళముల మెరుపు కొంత తగ్గును. వాట్సాపులో మాటసందేశముగా పట్టిన పాట మిక్కిలి కుదించబడును. అది మాటకు చాలును గాని పాటకు చాలదు. కావున పెద్దల పాటను ఫోనులోని రికార్డరుతో పట్టి, ఇతరులకు పంపునప్పుడు డాక్యుమెంటు అను మార్గమున పంపవలెను. అప్పుడు అది చెక్కుచెదరక చేరును.

ఇక కారులోనికి చేర్చు మార్గములు నాలుగు. మొదటిది పెన్ డ్రైవులో పాటలు నింపి యుయస్‌బి రంధ్రమున పెట్టుట. ఇందు పాట అంకెల రూపముననే కారు యంత్రమునకు చేరి, అక్కడనే ధ్వనియగును గనుక నడుమ చెడుటకు తావు తక్కువ. రెండవది ఆక్స్ అనబడు 3.5 మిల్లీమీటర్ల మొనగల తీగె. ఇదియు మంచిదే. కొత్త ఫోనులు కొన్నింటికి ఆ రంధ్రము లేదు; వానికి ఛార్జింగు రంధ్రమున తగిలించు చిన్న అడాప్టరు కావలెను. మూడవది బ్లూటూత్. పాట మరల కొంత కుదించబడి గాలిలో పోవును. అయినను నడచు కారులో ఆ లోపము అంతగా తెలియదు. పాట మరీ పీలగా వినబడినచో, ఫోను అమరికలో కాల్ ఒక్కటే గాక మీడియా అనునదియు తెరచియున్నదేమో చూడవలెను.

నాలుగవది, సిగరెట్టు వెలిగించు రంధ్రమున పెట్టు చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు. వేరు మార్గము లేని పాత కారులకు ఇదియే గతి. 88 మొదలు 108 మెగాహెర్ట్జ్ వరకు గల ఎఫ్.ఎం. వరుసలో ఏ స్టేషనును లేని తావు వెదకి, దానిని, కారు రేడియోను ఒకే అంకెకు త్రిప్పవలెను. అయితే కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు 40వ జాతీయ రహదారిపై పోవునప్పుడు ఒక ఊరికడ ఖాళీగా నున్న అంకె వేరొక ఊరికడ నిండియుండవచ్చును. బలమైన స్టేషను ఈ చిన్న యంత్రమును మ్రింగివేయును. అప్పుడు కారు నిలిపి అంకె మార్చుటయే ఉపాయము.

పిమ్మట, ఆక్స్ తీగెకుగాని బ్లూటూత్‌కుగాని ధ్వనిని పెంచు మీటలు రెండు: ఫోనున ఒకటి, కారున ఒకటి. పెక్కుమంది ఫోనును తగ్గించి కారును పెంచుదురు. ఆక్స్ తీగెలో దీనివలన పాటతో పాటు నడుమ నున్న బుసయు పెరుగును. ఫోనును ముప్పాతికకు పైగా ఉంచి, కారు మీటతో చెవికి తగినట్లు దిద్దుకొనవలెను. ఫోనును తుదివరకు పెంచినప్పుడు ధ్వని చిట్లినచో రెండు మెట్లు దించవలెను. నిండుగా పారవలెను, గట్టు తెగరాదు.

ఒకప్పుడు నేనెక్కిన కారులో ఇంజను వేగము పెరిగినకొలదియు తుమ్మెద రొదవంటి కూత పాటలో వినబడెను. ఫోనును కారులోనే ఛార్జింగు పెట్టి, ఆక్స్ తీగెయు తగిలించిరి. ఛార్జింగు తీగె ఊడదీయగానే కూత నిలిచెను. కారులో విద్యుత్తు పుట్టించు ఆల్టర్నేటరు అలజడి రెండు తీగెల చుట్టు మార్గమున పాటలోనికి చొరబడుటయే దీనికి కారణము. ఫోనును పవర్ బ్యాంకుతో ఛార్జి చేసినను, గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అను చిన్న పరికరమును ఆక్స్ తీగె నడుమ పెట్టినను ఇది పోవును. ఆ పరికరములో రెండు తీగెచుట్టలు ఒకదాని నొకటి తాకక, అయస్కాంత శక్తిచేత పాటను మాత్రము దాటించును.

తుదకు రుచిని గూర్చి. ఫోనులోని ఈక్వలైజరును ఆపి, కారులోని బాస్, ట్రెబుల్ మీటలను నడుమ నుంచి మొదలిడవలెను. బాస్ పెంచినచో డప్పు ఉరుమును గాని, మాట మునుగును. తత్త్వమునకు మాటయే ప్రాణము. తలుపురేకు అదరినచో అది పాట దోషము గాదు; బాస్ తగ్గించి చూడుడు. ఈ దిద్దుబాట్లన్నియు బయలుదేరకమునుపే చేయవలెను. బండి నడపువాడు మీటలు త్రిప్పరాదు, వెనుక వచ్చు లారీ కూత వానికి వినబడవలెను. మన యెండలకు మూసిన కారులో ఫోనును విడిచి పోరాదు.

ఇన్నిటికిని వ్యయము స్వల్పము, శ్రద్ధయే అధికము. పాడినవారు మన యెదుట లేని దినమున వారి మాట స్పష్టముగా వినబడుటకు ఈపాటి శ్రద్ధ చేయదగును. మీ యింటి పిల్లలను పిలిచి ఇందొకటి రెండు చేయించి చూడుడు. సెలవు.