వైరస్సును వేఱుచేసిన విధము

పాలను నీటినుండి హంస వేఱుచేయునని కవులు వర్ణింతురు. కంటికి కానరాని వైరస్సును ఇతర పదార్థములనుండి వేఱుచేయుట అంతకంటె దుష్కరమైన పని. శాస్త్రజ్ఞులు దానినిగూడ సాధించిరి.

1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ప్రపంచమంతటను వ్యాపించి కోట్లకొలది ప్రజలను బలిగొనెను. దానికి కారణము ఒక బాక్టీరియా అని నాటి వైద్యులు పెక్కురు నమ్మిరి. శత్రువెవరో తెలియనిదే ఆయుధమును సిద్ధపఱచుట యెట్లు?

1933లో లండను నగరమున స్మిత్, ఆండ్రూస్, లైడ్లా అను మువ్వురు శాస్త్రజ్ఞులు రోగులు పుక్కిలించి యుమిసిన నీటిని, బాక్టీరియా దాటలేని వడపోతగుండ పంపిరి. అట్లు వడిసిన నీటిని ఫెర్రెట్లు అను ముంగిసవంటి జంతువుల ముక్కులలో వేయగా వానికిని జ్వరము వచ్చెను. వడపోతను దాటినది బాక్టీరియా కాదనియు, అంతకంటె మిక్కిలి చిన్నదగు వైరస్ అనియు తేలెను. దాని పరిమాణము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు.

వైరస్ జీవకణములలోనే వృద్ధిపొందును. అందుచే దానిని, లోపల పిల్ల పెరుగుచున్న కోడిగ్రుడ్లలో పెంచసాగిరి. కాని గ్రుడ్డులోని ద్రవమున వైరస్సుతోపాటు మాంసకృత్తులు మొదలగునవియు నుండును. అవి చక్కగా తొలగని తొలినాటి టీకామందు పొందినవారిలో కొందఱకు జ్వరమును నొప్పులును కలుగుచుండెను. కావున శుద్ధిచేయుట అత్యవసరమయ్యెను.

1941లో అమెరికాయందు జార్జి హర్స్ట్ అను శాస్త్రజ్ఞుడు ఒక వింతను గమనించెను. వైరస్ పెరిగిన గ్రుడ్డుద్రవమును కోడి రక్తకణములతో కలుపగా, ఆ కణములు ముద్దలుగా గుమిగూడెను. వైరస్ వానిని అంటిపెట్టుకొనుటయే అందులకు కారణము. చల్లదనమున అంటుకొనిన వైరస్, శరీరపు వేడిమికి సమానమగు వేడిమియందు కొంతసేపుంచినచో కణములను విడిచిపెట్టును. కావున వైరస్ అంటిన కణములు అడుగునకు దిగిన పిమ్మట పైద్రవమును పాఱబోసి, వానిని శుద్ధమైన ఉప్పునీటిలో వెచ్చజేసిరి. వైరస్ ఆ నీటిలోనికి వచ్చెను. దాని గుణమే దానిని పట్టియిచ్చెను.

1960 తరువాత మఱియొక పద్ధతి టీకా తయారీలో ప్రవేశించెను. పైన పలుచగను, క్రిందికి పోనుపోను చిక్కగను ఉండునట్లు చక్కెర ద్రావణమును అమర్చి, వైరస్ గల ద్రవమును చేర్చి, యంత్రముతో నిమిషమునకు వేలకొలది మారులు త్రిప్పుదురు. వైరస్ తన సాంద్రతకు సరిపోవు చోట పట్టీవలె నిలుచును. తేలికయగు మాలిన్యములు వెనుకబడును. ఈ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది.

వడపోత, చల్లదనము, వేడిమి, పరిభ్రమణము నిత్యజీవితమున అందఱకును పరిచితములే. పరిశీలనయు ఓర్పును తోడైనందున అవియే ప్రాణరక్షణకు సాధనములైనవి.