నీళ్ళలోకి దించే ముందు బిరడా చూశారా?

రాంగోపాల్‌పేట్ దాటి నెక్లెస్ రోడ్డు వైపు వెళ్తే హుస్సేన్‌సాగర్. గాలి బాగా వీచే రోజుల్లో అక్కడ తెరచాప పడవలు తిరుగుతుంటాయి. వాటి వెంట శిక్షకుల మోటారు బోట్లు, అవతల లుంబినీ పార్కు దగ్గర పర్యాటకులను తిప్పే స్పీడు బోట్లు. ఇలాంటి పడవల్లో చాలావాటికి వెనకవైపు, అంటే అమరం దగ్గర, అట్టడుగున బొటనవేలు పట్టేంత రంధ్రం ఉంటుంది. దాన్ని మూసే బిరడానే డ్రెయిన్ ప్లగ్ అంటారు.

నీళ్ళలో తేలాల్సిన పడవకు కావాలని కన్నం పెట్టడమేమిటని అనిపించవచ్చు. వాన నీళ్ళు, అలల తుంపర, ఇంజిన్‌ను చల్లబరిచే గొట్టాల నుంచి కారే చుక్కలు, అన్నీ పడవ అడుగుకే చేరతాయి. ఒడ్డుకు లాగి, ముందు భాగం కాస్త ఎత్తి బిరడా తీస్తే ఆ నీళ్ళు వాటంతటవే పోతాయి. తీయకపోతే తుప్పు, పాచి, వాసన. కాబట్టి తీయడం మంచి అలవాటే. చిక్కంతా మళ్ళీ పెట్టడం మరిచిపోవడంలో ఉంది. ఏడాది పొడవునా నీళ్ళలోనే ఉండే పడవకు ఈ గండం తక్కువ. రోజూ ఒడ్డెక్కి రోజూ దిగే పడవకు ఎక్కువ. ఎప్పుడో ఒకసారి హడావుడిగా బయటికి తీసే వరద సహాయ పడవకు మరీ ఎక్కువ. 2020 అక్టోబరులో టోలీచౌకీ నదీం కాలనీలో, 2025 జూలైలో రాంగోపాల్‌పేట్‌కు దగ్గరలోని పైగా కాలనీలో జనాన్ని పడవల మీదే బయటికి తెచ్చారు. అలాంటి సమయంలో బిరడా ఎక్కడుందో వెతుక్కోవడం ఎవరికీ రాకూడని కష్టం.

ఆ చిన్న రంధ్రం ఏం చేయగలదో లెక్క వేద్దాం. 25 మిల్లీమీటర్ల రంధ్రం నీటిమట్టానికి 30 సెంటీమీటర్లు కిందుంటే, నిమిషానికి సుమారు 40 లీటర్లు లోపలికి వస్తాయి. పది నిమిషాలకు 400 కిలోల బరువు. ఆరుగురు పెద్దవాళ్ళు ఎక్కి వెనకవైపే కూర్చున్నట్టు. ఇంజిన్ బరువుకు అమరం ముందే కిందికి వాలి ఉంటుంది గనక నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. వెనక కుంగేకొద్దీ రంధ్రం ఇంకా లోతుకు పోతుంది, ధార ఇంకా జోరందుకుంటుంది. ఇదంతా ఇంజిన్ గది మూత కింద జరుగుతుంది కాబట్టి నడిపేవాడికి తెలియదు. పైగా పడవ వేగంగా పోతున్నంతసేపు అమరం వెనక నీళ్ళు వెనక్కి లాగేసినట్టు తొలగిపోతాయి. అప్పుడు రంధ్రంలోంచి నీళ్ళు లోపలికి రావు సరికదా, లోపలున్నవి కూడా బయటికి పోవచ్చు. చెరువు నడిమధ్యన ఇంజిన్ ఆపి ఫొటోలు తీసుకుంటున్నప్పుడు మొదలవుతుంది అసలు సంగతి.

అడుగు నీళ్ళు తోడే పంపు ఉందిగా అని ధీమా పడేవాళ్ళుంటారు. చిన్న పడవల్లో తరచుగా కనిపించే పంపు గంటకు 500 గ్యాలన్ల రకం. అంటే నిమిషానికి దాదాపు 31 లీటర్లు. అదీ గొట్టం, ఎత్తు లేకుండా కొలిచిన అంకె. పడవలో బిగించాక ఇంకా తగ్గుతుంది. ఎవరో పడేసిన చిప్స్ ప్యాకెట్ ముక్క జాలీకి అడ్డం పడితే ఆ మాత్రమూ ఉండదు. నీళ్ళు బ్యాటరీని చేరితే పంపు కూడా ఆగిపోతుంది.

బిరడాను చేతిలోకి తీసుకుని చూడండి. ఇత్తడిదైతే మరలు అరిగాయా, వాటిలో ఇసుక ఇరుక్కుందా అని గోటితో తడిమి చూడాలి. మొదటి రెండు మూడు చుట్లు వేళ్ళతోనే సాఫీగా ఎక్కాలి. ఎక్కకపోతే మర అడ్డంగా పడిందన్నమాట; పానా పట్టి బలవంతం చేస్తే మరలు చెడతాయి. రబ్బరు వాషరును వంచి చూస్తే పగుళ్ళు బయటపడతాయి. మన ఎండలకు రబ్బరు తొందరగా గట్టిపడుతుంది. మీటతో ఉబ్బే రబ్బరు బిరడా అయితే మీట వాల్చేటప్పుడు వేలికి గట్టిగా తగలాలి. తేలిగ్గా వాలిపోతే పట్టు లేనట్టే. కొత్తది కావాలంటే రాంగోపాల్‌పేట్ పక్కనే రాణిగంజ్. మోటార్లు, బేరింగులు, రబ్బరు సామాన్ల అంగళ్ళు ఉన్న చోటు. అయితే కంటి అంచనాతో కొనొద్దు, పాత బిరడాను వెంట తీసుకెళ్ళి మర సరిచూసుకోవాలి. రెండు కొని ఒకటి పడవలోనే ఉంచుకోవాలి.

మరుపుకు మందు జ్ఞాపకశక్తి మీద ఆధారపడకపోవడమే అని నా గట్టి నమ్మకం. ఒడ్డున తీసిన బిరడాను ఇంజిన్ తాళంచెవికి కట్టేయండి. బిరడా ముట్టుకోకుండా ఇంజిన్ స్టార్ట్ చేసే వీలుండదు. తీసినవాళ్ళే పెట్టాలి, ఇంకొకరు చేత్తో తడిమి చూడాలి. పడవ నీళ్ళలోకి దిగాక ట్రైలర్ తాడు విప్పకముందే ఇంజిన్ గది మూత ఎత్తి రెండు నిమిషాలు చూడాలి. పెట్రోలు ఇంజిన్ అయితే ఆ మూత ఎత్తడం వల్ల లోపల చేరిన ఆవిరి పోవడమనే ఇంకో మేలు కూడా ఉంది. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నేర్చుకునే లేజర్ తెరచాప పడవకు ఇంజిన్ లేదు, కానీ దాని బోలు అడుగుకూ వెనక బిరడా ఉంది. ఈ అలవాటు అక్కడే పడితే ఎంత బాగుంటుంది!

నీళ్ళ మధ్యలో ఉండగా సంగతి తెలిస్తే ముందు అందరికీ లైఫ్ జాకెట్లు. తర్వాత తువ్వాలు మెలిపెట్టి లోపలి నుంచి రంధ్రంలోకి కుక్కి, దగ్గరున్న ఒడ్డుకు పోనివ్వాలి.

ఇంజిన్ మునిగిపోయి ఉంటే మాత్రం బయటికి తీశాక పనిచేస్తుందేమోనని సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా అణగదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ వైర్లు విప్పి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీళ్ళు బయటికి పోనివ్వాలి. ఆయిలు పాలలా తెల్లబడి ఉంటుంది, దాన్ని పారబోసి కొత్తది పోయాలి. తెలుపు పోయేదాకా అలా రెండు మూడు సార్లు మార్చాల్సి రావచ్చు. మెకానిక్‌ను అదే రోజు పిలవాలి, ఎందుకంటే గాలి తగిలిన తడి ఇనుము రాత్రికి రాత్రే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది.